కాపలాదారు సంతకం

ఆ పుస్తకం అట్ట మీద తెల్ల గౌను వేసుకున్న ఒక పిల్ల గోధుమ చేను మధ్యలో నిలబడి ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది. సిద్దిపేట చుట్టుపక్కల నేను పుట్టి ఇన్నేళ్లయినా గోధుమ చేను చూడలేదు. వరి ఉంది, మక్క ఉంది, పత్తి ఉంది. పత్తి చేనులో తెల్ల గౌనుతో నిలబడితే ఏ గతి పడుతుందో పత్తి ఏరిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. మనల్ని ఎరిగినవాళ్లెవరూ దీన్ని రాయలేదని అట్ట చూసినప్పుడే నాకు తెలియాల్సింది. కానీ మందిరంలో ఇచ్చిన పుస్తకం కదా అని కళ్లకద్దుకుని మరీ తీసుకున్నాను.

ఇచ్చింది పాస్టరమ్మ. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలందరినీ ముందుకు పిలిచి తలా ఒకటి చేతిలో పెట్టింది. ఆడపిల్ల పవిత్రంగా ఎలా బతకాలో అన్నీ అందులో ఉన్నాయట. ప్రతి పాఠం చివర ప్రశ్నలు, వాటి కింద జవాబులు రాయడానికి ఖాళీ గీతలు. నెల తిరిగేసరికి నింపి ఇవ్వాలి. అదే రోజు మగపిల్లలకు ఒక వాలీబాల్, ఒక నెట్టు ఇచ్చారు.

మా మనవరాలికి పదహారో ఏడు. పదో తరగతి మంచి మార్కులతో పాసై, హైదరాబాద్ పోయే దారిలోని ములుగులో తోటల పెంపకం డిప్లొమాకు సీటు తెచ్చుకుంది. హాస్టల్లో ఉండి చదవాలి. సీటు వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ కాళ్లు నేల మీద ఆగలేదు. మా ఇంట్లో మట్టి పని చేసినవాళ్లు తరాల నుంచి ఉన్నారు గానీ, మట్టిని పుస్తకంలో పెట్టుకుని చదవబోయేది ఈ పిల్లే.

మా వీధిలో ఆడవాళ్లం బీడీలు చుడతాం. మధ్యాహ్నం వంటలయ్యాక మా ఇంటి ముందు రేకుల పందిరి కింద అయిదారుగురం చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతులకు తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. అందుకని ఎప్పటి నుంచో మాకొక పద్ధతి ఉంది. చదువొచ్చిన పిల్ల ఒకతి మధ్యలో కూర్చుని ఏదో ఒకటి పైకి చదవాలి. పేపరో, కథల పుస్తకమో, పెళ్లిపత్రికో, ఏది దొరికితే అది. నేను మూడో తరగతితో బడి మానేశాను. మా అమ్మ పక్కన కూర్చుని అలా విన్నదే నా చదువంతా. ఒక్కసారి విన్నది నా తలలోంచి పోదు. ఇప్పుడు ఫోన్లు వచ్చాయి గానీ, తంబాకు వేళ్లతో ఫోన్ ముట్టుకుంటే అది మొరాయిస్తుంది. యాడ్ వచ్చిన ప్రతిసారీ లేచి చేతులు కడుక్కోవడం ఎవరి వల్ల అవుతుంది?

మూడేళ్ల నుంచి చదివే పని మా మనవరాలిది. గొంతులు మార్చి చదివేది. పోలీసు వస్తే పోలీసు గొంతు, దయ్యం వస్తే దయ్యం గొంతు. మధ్యలో తనకే నవ్వొచ్చి ఆగిపోయేది. అప్పుడు మేమందరం చాటలు ఒలికిపోకుండా పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆ సోమవారం కొత్త పుస్తకం అదే కాబట్టి అదే తెచ్చింది. గొంతు బరువుగా పెట్టి మొదలుపెట్టింది. "మూత లేని మిఠాయి మీద ఈగలు వాలును. ప్రియమైన చెల్లీ, నీవు మూత లేని మిఠాయివా?"

వేములఘాట్ వదిన కత్తెర ఆపింది. ఊరు మల్లన్నసాగర్ ప్రాజెక్టు‌లో మునిగిపోతే మా వీధికి వచ్చిన మనిషి ఆమె. ఆమె నోటికి అడ్డం ఉండదు.

"మరి ఈగలకేం పుస్తకమియ్యలేదానే?"

"ఈగలకు వాలీబాలిచ్చిన్రు అమ్మమ్మా" అంది మా మనవరాలు.

ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే ఇంకో ముక్క చదివింది. ఒకసారి చేయి తగిలిన జామపండును ఎవరూ కోరుకోరట.

"చెయ్యి తగలకుంట పండు చెట్టు మీదికెల్లి తానే దిగొచ్చిందా?" అంది వదిన. "మా చేన్ల జామచెట్లుండె. గీ రాసినోడు జామచెట్టు సూసినట్టే లేడు."

తర్వాత సముద్రతీరం వచ్చింది. ఆడపిల్లలు స్నానపు దుస్తులతో సముద్రతీరాన తిరగరాదని అరపేజీ రాశారు. సిద్దిపేట నుంచి సముద్రానికి ఏ బస్సెక్కాలో మాలో ఎవరికీ తెలియదు. కోమటిచెరువు గట్టు మీద గాలికి చున్నీ ఎగరకుండా పిన్ను పెట్టుకొమ్మంటే అదొక మాట. తండ్రులు కూతుళ్లను పెద్ద హోటల్‌కు విందుకు తీసుకెళ్లి, వేలికి ఉంగరం తొడిగి, పవిత్రంగా ఉంటానని మాట తీసుకోవాలని కూడా ఉంది. ఏ దేశం దొరలు ఏ పిల్లల కోసం రాసుకున్నారో, దాన్ని ఎవరో మాటకు మాట తెలుగులోకి దించి, మా పిల్లల నెత్తిన పెట్టారు.

మా పక్కింటి ఆపా దారం పళ్లతో తెంపుతూ అంది: "మా మసీదు కాడ గూడ పంచిన్రు గిసొంటిదే. మీ దాంట్ల మిఠాయి, మా దాంట్ల ముత్యం. డబ్బాల వెట్టి తాళమేసుడు మాత్రం ఒక్కతీర్గనే ఉన్నది."

"మా టీవీల సామి గూడ రోజు గదే చెప్తడు" అంది వదిన. "అందరు ఒక్క బళ్లెనే సదివినట్టున్నరు."

అలా నవ్వి దాన్ని వదిలేశామనుకున్నాం. మాకు అది మధ్యాహ్నం కాలక్షేపం. ఆ పిల్లకు మాత్రం ప్రశ్నలు మిగిలే ఉన్నాయి, వాటి కింద గీతలూ ఉన్నాయి. సాయంత్రం పూట పెన్సిల్ పట్టుకుని కూర్చునేది. ఒక రోజు నేను పక్కన కూర్చుని కూడబలుక్కుని చూశాను. "ఈ వారము నా నవ్వు ఎవరినైనను తడబడునట్లు చేసినదా?" అని ఉంది. దాని కింద ఏదో రాసి, చెరిపి, మళ్లీ రాసి చెరిపింది. అక్కడ కాగితం చిరిగిపోయింది.

పదహారేళ్ల పిల్ల ఒక వారం నవ్విన నవ్వులన్నీ గుర్తు చేసుకుని, అవి ఎవరికి తగిలాయో విచారించుకోవాలట. ఇంత పనికిమాలిన ప్రశ్న నా బతుకులో ఇంకొకటి వినలేదు. రాసినవాడికి ఇంట్లో నవ్వే పిల్ల లేనట్టుంది.

రెండు మూడు వారాల్లోనే పిల్ల మారిపోయింది. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు వచ్చాయి, ఇంట్లో ఉన్నా సరే. మధ్యాహ్నం చదవమంటే గొణిగినట్టు చదివేది. దయ్యానికీ పోలీసుకూ ఒకే గొంతు.

"ఏందే, గొంతు పట్టిందా?" అని అడిగాను.

"గట్టిగ చదివితే రోడ్డు మీదికి ఇనవడ్తది నానమ్మా."

"ఇనవడ్తె?"

"పోయేటోళ్లు తల తిప్పి చూస్తే పాపం మనదేనట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తల వాడిది, మెడ వాడిది, తిప్పింది వాడు. పాపం మాత్రం పందిరి కింద కూర్చుని చదువుకుంటున్న పిల్లది.

ఆ పుస్తకానికి చివరి పేజీ ఒకటుంది. అది తండ్రులకు. "నా కుమార్తె పవిత్రతకు నేను దేవుని యెదుట కాపలాదారుడను. ఆమెను నా కనుచూపు దాటనీయను" అని రాసి, కింద సంతకానికి జాగా వదిలారు. మా వాడు, అంటే పిల్ల తండ్రి, బడిపిల్లల వ్యాన్ నడుపుతాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇరవై మందిదాకా ఎక్కుతారు, ఎక్కువ మంది ఆడపిల్లలే. నెమ్మదస్తుడు. కానీ చిన్నప్పటి నుంచి వాడికొక జబ్బు ఉంది. కాగితం ముందు పెడితే చదవడు, సంతకం పెడతాడు. బ్యాంకు కాగితమైనా అంతే, బడి కాగితమైనా అంతే. పిల్ల ఆ పేజీ ముందు పెట్టిన రోజు కూడా వ్యాన్ దిగకుండానే పుస్తకాన్ని స్టీరింగ్ మీద పెట్టుకుని సంతకం గీసి పిల్ల చేతికిచ్చాడు. మరుసటి ఆదివారం మందిరంలో తండ్రులందరినీ నిలబెట్టి, కూతుళ్ల తల మీద చేయి పెట్టించి, పాస్టరమ్మ చెబుతుంటే ఆ రెండు ముక్కలూ అందరి చేతా అనిపించారు. మా వాడు కళ్లు మూసుకుని అన్నాడు. నేను కూడా ఆమెన్ అన్నాను. ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే అన్నాడు: "హాస్టల్‌కు వద్దు. గీడ్నే ఇంటర్ల చేరుతది."

మా కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ములుగులో చేరడానికి ఆఖరి గడువు ఆ పై సోమవారం. సరిగ్గా ఎనిమిది రోజులు.

"ఎందుకురా?" అన్నాను.

"దేవుని ముంగట మాటిచ్చిన. కనుచూపు దాటనియ్యనన్న. ములుగుల హాస్టల్ గేటు కాడ నేనేడ కాపలుంట?"

"పాస్టరమ్మ నడిగినవా?"

"అడిగిన. ప్రార్థన చేసి నిర్ణయం తీసుకోమన్నది. సంతకమైతే దేవుడు చూసిండన్నది."

"పుస్తకం చదివినవా?"

"సంతకం పెట్టిన గద."

"చదివినవా అని అడుగుతున్న కొడుకా."

"మందిరంల ఇచ్చిందే అమ్మా. తప్పుంటదా?"

మనవరాలి వైపు చూశాను, ఏడుస్తుందేమో, గొడవ పడుతుందేమోనని. అది కంచంలోకి చూస్తూ "నేను పోనులే నానమ్మా" అంది. వాడి మాట కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. సీటు కోసం రాత్రీ పగలూ చదివిన పిల్ల అది.

మంగళవారం, బుధవారం వాడితో వాదించాను. వాడిది ఒకటే పాట, మాటిచ్చిన, మాటిచ్చిన. మా కోడలు నోరు విప్పలేదు. ఆమె స్వభావమే అంత, లోపల ఎంత ఉన్నా పైకి రానివ్వదు.

గురువారం బీడీలు చుడుతూ ఉంటే నాకొకటి గుర్తొచ్చింది. మనవరాలు మొదటి రోజు ఆ పుస్తకం చదివినప్పుడు, అయిదో పాఠంలో ఒక చోట మాట అతకలేదు. ముందు మాట బట్టల గురించి, వెంటనే తర్వాతి మాట ఉపవాసం గురించి. అప్పుడు పట్టించుకోలేదు. పిల్ల ఒక పేజీ దాటేసిందన్నమాట. శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పుస్తకం తీసి అయిదో పాఠం పట్టుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు కూడుకుంటూ ఆ ఒక్క పేజీ చదవడానికి నాకు పూట పట్టింది. చదివాక పుస్తకం మూసి ఉన్నచోటే పెట్టేశాను. దీన్ని నేను చెబితే వాడు నమ్మడు, వాడి నోటితోనే రావాలి అనుకున్నాను.

రెండో శనివారం, బడికి సెలవు. వాడు ఇంటి దగ్గరే ఉండి వ్యాన్ కడుగుతున్నాడు. మేం పందిరి కింద చేరాం. మనవరాలు లోపల ఉంది, పిలిచినా రాలేదు.

"సదివేటోళ్లు లేక చెవులు తుప్పు పట్టినయి" అంది వదిన.

"మా వాడు ఇంటర్ దాక చదివిండు గద" అన్నాను. "రారా, జర కూసొని చదువు. నువ్వు సంతకం పెట్టిన పుస్తకమే. ఏం కాపలా కాస్తున్నవో మాక్కూడ తెల్వాలె."

మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. మొదట తీసిన పాఠం ప్రార్థన గురించి, బాగానే చదివాడు. మందిరంలో వాక్యం చదివినట్టు గొంతు కూడా సవరించుకున్నాడు. నేను కాసేపు విని, "అయిదో పాఠం తియ్యి. గా రెండో పేజీ" అన్నాను.

తీశాడు. చదివాడు. "పురుషుని చూపు ఆకలిగొన్న జంతువు వంటిది. దేవుడు దానిని అట్లే నిర్మించెను. కావున తండ్రియైనను, అన్నయైనను, అనుదినమును నిన్ను పాఠశాలకు తీసుకొని పోవు వాహన చోదకుడైనను..."

ఆగాడు.

"చోదకుడంటే ఎవరు కొడుకా?" అంది వదిన. నిజంగానే తెలియక అడిగింది.

"డ్రైవర్" అన్నాడు.

"ఆఁ. చదువు."

"...ఎవరి చూపునూ నీవు నమ్మరాదు. ఆ జంతువును లేపకుండ నడుచుకొనుట కన్య బాధ్యత. లేచిన యెడల దోషము లేపినవారిదే."

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. వారం రోజులుగా నోరు మెదపని మా కోడలు తల ఎత్తకుండానే అంది: "గా ముక్క మళ్లొకసారి చదువు."

వాడు చదవలేదు. పుస్తకం తిరగేసి వెనక అట్ట చూశాడు. "గిదెవడు రాసిండు?" అన్నాడు. వెనక కోటు వేసుకున్న దొర ఒకడు, పక్కన దొరసాని, ఇద్దరూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు. వాళ్ల నవ్వు ఎవరినీ తడబడేట్టు చేయదు కాబోలు.

ఆపా చాట కింద పెట్టింది. "నా మనవరాలు గూడ నీ బండ్లనే వస్తది బేటా. మరి నేను బుగులు వడాల్నా?"

"గట్లనకు ఖాలా." వాడి ముఖం నల్లబడింది. "పదేండ్లాయె నడుపవట్టి. నీ బండైతే మాకు బేఫికర్ అని పంపుతరు. ఒక్క తల్లి ఒక్క మాటన్నదా?"

"నేననలేదు బిడ్డా. నువ్వు సంతకం పెట్టిన పుస్తకమే అంటున్నది."

అప్పుడు నేనన్నాను. "అయిదో పాఠంల నువ్వు జంతువువని రాసిన్రు. ఆఖరి పేజీల గా జంతువు చేతనే కాపలా సంతకం పెట్టించుకున్నరు. రెండిట్ల ఏదో ఒకటే నిజమైతది కొడుకా. నువ్వే చెప్పు."

వాడు పుస్తకం పట్టుకునే లేచి లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాకంతా వినబడింది.

"గీ పేజీ నువ్వు చదివినవా?"

"ఆ."

"ఎప్పుడు?"

"తెచ్చిన రోజే బాపు."

"మరి... నన్ను గట్ల అనుకున్నవా?"

 పిల్ల సన్నగా అంది: "నువ్వు గట్ల కాదని నాకెర్కే. కానీ సంతకం పెట్టినవు గద, చదివే పెట్టినవనుకున్న. అందుకే నీ ముంగట గూడ పిన్నులు పెట్టుకుంటున్న."

పందిరి కింద ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. ఒక ఇంట్లో తండ్రీ కూతురూ పదహారేళ్లు కలిసి బతికాక, వాళ్ల మధ్యకు ఎక్కడి నుంచో ఒక పుస్తకం వచ్చి కూర్చుని, ఆ పిల్లకు తండ్రిని చూసి భుజాలు కప్పుకోవడం నేర్పింది. దానికి పేరు పవిత్రత! మా వీధిలో తాగి వచ్చి తిట్టేవాళ్లున్నారు. వాళ్లు కూడా ఒక ఇంటికి ఇంత అపవిత్రం చేయలేదు.

వాడు బయటికి వచ్చి వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీ వైపు తిరిగి, "సోమవారం పోదాం బిడ్డా" అన్నాడు.

"నేను పోనన్న గద" అంది లోపలి నుంచి.

"నువ్వన్నవా? పుస్తకమన్నదా?"



మరునాడు ఆరాధన అయ్యాక వాడు పుస్తకం పట్టుకుని పాస్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట పోయాను. తన సంతకమున్న పేజీ అప్పటికే చింపేశాడు.

"పాప ప్రశ్నలన్నీ నింపిందా బ్రదర్?" అంది పాస్టరమ్మ నవ్వుతూ.

"లేదమ్మగారు. నింపదు. మీరు గీ పేజీ ఒక్కటి చదువుండ్రి."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. నవ్వు పోయింది. రెండోసారి చదివింది. "ఇది... పైనుంచి వచ్చింది బ్రదర్. మంచి పుస్తకమని చెప్పారు. మేము పంచామంతే" అంది.

ఆమె కూడా చదవలేదు. పైవాళ్లు చదివారో లేదో నాకు తెలియదు. అచ్చు వేసినవాడు చదవలేదు, పంచినామె చదవలేదు, సంతకం పెట్టినవాడు చదవలేదు. అలా అందరి చేతులూ మారి వచ్చి, చదివిన ఒక్క పిల్ల మీద పడింది దాని బరువంతా. నాకు ఆ దొర మీద కంటే ఈ చదవనివాళ్ల మీదే ఎక్కువ రోత పుట్టింది. అందులో నేనూ ఉన్నాను, కళ్లకద్దుకున్నదాన్ని.

"దేవుని ముందు చేసిన ప్రమాణం కదా బ్రదర్, వెనక్కి తీసుకుంటే ఎలా?" అంది పాస్టరమ్మ నెమ్మదిగా.

"గా ప్రమాణం నేను దేవునికియ్యలేదమ్మగారు" అన్నాడు మా వాడు. "గీ పుస్తకానికిచ్చిన. దేవునితోని నేను మాట్లాడుకుంట."

వాడు అంత మాట అనగలడని కన్నతల్లిని, నాకే తెలియదు.

సోమవారం పొద్దున మేం లేచేసరికి పిల్ల గదిలో నిలబడి ఉంది. "బాపూ, అటక మీది పెట్టె దించు. నాకందుతలేదు" అంది. వ్యాన్‌కు ఆ రోజు ఇంకో డ్రైవర్ను మాట్లాడి, తండ్రీ కూతురూ హైదరాబాద్ బస్సెక్కి ములుగులో దిగి, గడువులోపలే చేరి వచ్చారు. చేరింది పిల్ల. వచ్చింది మా వాడొక్కడే.

బుధవారం ప్రార్థన కూటంలో మా ఇంటి కోసం ప్రత్యేకంగా మనవి చేశారని విన్నాను. తొందరపాటు నిర్ణయం తీసుకున్న ఒక కుటుంబం కోసం అందరూ మోకరించారట. పేరు చెప్పలేదట గానీ, అందరూ మా గుమ్మం వైపు ముఖం పెట్టే మోకరించి ఉంటారు. మోకరించనీ. మోకాళ్లు వాళ్లవి.

గురువారం పిల్ల ఫోన్ చేసింది. నర్సరీలో నీళ్లు పెట్టిన మడుల్లో నడవాలట, తెచ్చుకున్న చెప్పులు బురదలో ఊడిపోతున్నాయట, ఇంట్లో ఉన్న పాత రబ్బరు చెప్పులు ఎవరితోనైనా పంపమని వాళ్లమ్మతో చెబుతోంది. పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో అరుస్తున్నారు. మా పిల్ల వాళ్ల మీద అంతకంటే గట్టిగా అరిచింది. మా వాడు కోడలి చేతిలో నుంచి ఫోన్ తీసుకుని, "పాతయి ఎందుకు, సైజు చెప్పు" అన్నాడు. చెప్పగానే రాసుకోవడానికి పెన్ను కోసం జేబులు వెతుక్కుంటున్నాడు.